న్యూయార్క్‌లో అమ్మమ్మ చేతి ఉండలు

పేరుకి ఇటలీ వంటకం. ఇటలీలో వెతికితే మాత్రం దొరకదు! పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి వచ్చిన నిరుపేదలు న్యూయార్క్‌ ఇరుకు గదుల్లో పుట్టించిన రుచి అది. ఎర్రటి టొమాటో సాసులో మునిగితేలే ఆ మాంసపు ఉండలు అసలు సిసలుగా ఎక్కడ దొరుకుతాయో వెతుక్కుంటూ వెళితే... కడుపు నిండటమే కాదు, వందేళ్ల వలస కథ కళ్లముందు కదులుతుంది.

రోమ్‌లోనో నేపుల్స్‌లోనో ఏ పాతకాలపు హోటల్లోనో కూర్చుని, స్పఘెట్టీ మీద పెద్దపెద్ద మాంసపు ఉండలు వేసి తెమ్మంటే వడ్డించేవాళ్లు వింతగా చూస్తారు. మెనూ ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికినా ఆ పేరు కనిపించడం కష్టమే. అలాగని ఇటలీ వాళ్లకు మాంసపు ఉండలు తెలియవని కాదు. 'పోల్పెట్టె' పేరుతో ఇంటింటా చేసుకుంటారు. 1891లో పెల్లెగ్రీనో ఆర్తూసీ అచ్చువేసిన ప్రసిద్ధ వంటల పుస్తకంలోనూ వాటికి చోటుంది. కాకపోతే అవి చిన్నగా ఉంటాయి. విడిగా తింటారు, లేదంటే సూపులో వేసుకుంటారు. పాస్తా పాస్తానే, ఉండలు ఉండలే. అబ్రుజ్జో ప్రాంతంలోని తెరామో లాంటి ఒకటి రెండు చోట్ల మాత్రం శనగగింజంత ఉండలు చేసి పాస్తాలో కలుపుతారు.

మరి నారింజపండంత ఉండ స్పఘెట్టీ గుట్ట మీదికి ఎప్పుడు ఎక్కింది? అట్లాంటిక్‌ సముద్రం దాటాక!

ఆకలి నేర్పిన వంట

1880 నుంచి 1920 వరకూ దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికాకు వలస వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది దక్షిణాది వాళ్లు. నేపుల్స్‌ చుట్టుపక్కల పల్లెలు, సిసిలీ, కలాబ్రియా... అన్నీ కరవు ప్రాంతాలే. కూలీనాలీ చేసుకునే ఆ కుటుంబాల్లో మాంసం ముఖం చూసేది పండగకీ పబ్బానికే. 1892లో ఎలిస్‌ దీవిలో వలసదారుల కేంద్రం తెరిచాక, వచ్చినవాళ్లు వచ్చినట్లు అక్కడ దిగి న్యూయార్క్‌లో సర్దుకున్నారు. మగవాళ్లు సబ్‌వే సొరంగాలు తవ్వారు, రోడ్లు వేశారు, రేవులో మూటలు మోశారు. ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చుని గుడ్డలు కుట్టారు.

కూలి తక్కువే. అయినా సొంతూళ్లో కలలోకూడా కొనలేని మాంసం ఇక్కడ వారానికోసారైనా అందుబాటులోకి వచ్చింది. మేలురకం ముక్కలు కొనే స్తోమత లేదు కాబట్టి కైమా తెచ్చేవారు. ఇంటెడుమందికీ చాలాలంటే అందులో ఏదో ఒకటి కలపాలి. గట్టిపడిన నిన్నటి రొట్టె ఉండనే ఉంది! దాన్ని పాలల్లోనో నీళ్లలోనో నానబెట్టి పిండి, కైమాలో కలిపి, గుడ్డు, వెల్లుల్లి, జున్ను తురుము, కొత్తిమీరను పోలిన పార్స్లీ ఆకు వేసి ఉండలు చుట్టేవారు. చౌకగా దొరికే డబ్బా టొమాటోలతో సాసు. దాంతోపాటే చౌకగా దొరికే స్పఘెట్టీ. అన్నీ ఒకే పళ్లెంలోకి వచ్చేశాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడేకొద్దీ ఉండ సైజూ పెరిగింది. పెద్ద ఉండ అంటే 'మా ఇంట్లో ఇప్పుడు లోటు లేదు' అని చెప్పుకోవడం!

ఆ వంటకి ముహూర్తం ఆదివారం. పొద్దున్నే పెద్ద గిన్నెలో సాసు పొయ్యిమీద పెట్టి, సన్నని సెగమీద గంటలకొద్దీ మరగనిస్తారు. పక్కన మూకుడులో ఉండలు వేగుతుంటాయి. చర్చి నుంచి వచ్చిన పిల్లలు అమ్మ చూడకుండా రొట్టెముక్క సాసులో ముంచుకుని నోట్లో వేసుకోవడం, అమ్మ గరిటె పట్టుకుని అదిలించడం... ఇటాలియన్‌ అమెరికన్ల ఇళ్లలో ఏ తరం వాళ్లని కదిపినా ఈ జ్ఞాపకమే చెబుతారు. దాన్ని 'సాస్‌' అనాలా 'గ్రేవీ' అనాలా అన్నది మాత్రం ఇప్పటికీ తెగని పంచాయితీ. ఆదివారం పూట కోడికూర ఉడుకుతుంటే వంటింటి గుమ్మం వదలని మన పిల్లల్ని గుర్తుచేసుకుంటే చాలు, ఆ వాతావరణం అర్థమైపోతుంది.

1955లో డిస్నీ తీసిన 'లేడీ అండ్‌ ద ట్రాంప్‌' బొమ్మల సినిమాలో రెండు కుక్కలు ఒకే పళ్లెంలో స్పఘెట్టీ, మాంసపు ఉండలు పంచుకుంటాయి. అప్పటికే ఆ వంటకం పేదింటి గడప దాటి అమెరికా వాళ్లందరిదీ అయిపోయింది.

రొట్టెలోనే కిటుకు

మాంసానికి మాంసమే కలిపి ఉండ చుడితే రాయిలా తయారవుతుంది. వేడికి మాంసం ముడుచుకుని, లోపలి రసమంతా బయటికి పోతుంది. తడిపిన రొట్టె ఆ పని జరగనివ్వదు. రసాన్ని పట్టి ఉంచి, ఉండని మెత్తగా ఉంచుతుంది. అంటే... కూర చాలక కలిపిన రొట్టే చివరికి రుచికి ప్రాణమైందన్నమాట. ఫోర్కు అంచుతో నొక్కితే చాలు ఉండ విడిపోవాలి, కత్తి అవసరం పడకూడదు. లోపల మరీ పిసికినట్లు ముద్దగా కాకుండా గుల్లగా ఉండాలి. బయట వేగిన రంగు ఉండాలి. మంచి ఉండకి అక్కడి వాళ్లు చూసే గుర్తులివే.

ఆర్డరిచ్చేముందు ఒక సంగతి. సంప్రదాయంగా ఈ ఉండల్లో గొడ్డుమాంసం, పందిమాంసం, లేత దూడమాంసం కలుపుతారు. అవి తినని వాళ్లు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. కోడిమాంసంతో చేసేవాళ్లూ ఉన్నారు. అసలు మాంసమే వద్దంటే... వంకాయ ఉంది! కలాబ్రియాలో ఉడికించిన వంకాయ గుజ్జుకి రొట్టెపొడి, జున్ను కలిపి ఉండలు చేసి వేయిస్తారు. మాంసం కొనలేని రోజుల్లో పుట్టిన వంటకమే అదీ. వంకాయని ఇంతలా గౌరవించేవాళ్లు మనకి పరాయివాళ్లెలా అవుతారు!

లిటిల్‌ ఇటలీలో ఇటలీ ఎంత?

మాంసపు ఉండల కోసం న్యూయార్క్‌లో దిగిన యాత్రికులు నేరుగా వెళ్లేది మ్యాన్‌హటన్‌లోని లిటిల్‌ ఇటలీకే. మల్బరీ వీధిలో ఇటలీ జెండా రంగుల తోరణాలు, రోడ్డుమీదికి వేసిన కుర్చీలు, లోపలికి రమ్మని పిలిచే సిబ్బంది... సందడికి లోటుండదు. 1926 నుంచి ఏటా సెప్టెంబరులో ఇక్కడ జరిగే శాన్‌ జెన్నారో ఉత్సవమైతే మన జాతరలాగే ఉంటుంది. అయితే ఆ పేటలో ఉన్న ఇటలీ ఎంత? 1950లో అక్కడ నివసించే సుమారు పదివేల మందిలో దాదాపు సగం ఇటాలియన్‌ అమెరికన్లే. 2009 నాటి జనగణన సర్వేలో మాత్రం ఇటలీలో పుట్టినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు కూడా తేలలేదు! పిల్లలు చదువుకుని, కాస్త పెద్ద ఇళ్లు కొనుక్కుని శివార్లకు, న్యూజెర్సీకి తరలిపోయారు. పక్కనున్న చైనాటౌన్‌ విస్తరించింది. మిగిలిన కొద్ది వీధుల్లో ఇప్పుడు వ్యాపారమంతా యాత్రికులతోనే.

అంతమాత్రాన ఆ పేటను వదిలేయనక్కర్లేదు. మల్బరీకి పక్కవీధి మాట్‌లో 1903 నాటి పరీసీ బేకరీ ఉంది. మధ్యాహ్నమైతే కూలిపని చేసేవాళ్ల నుంచి ఆఫీసు ఉద్యోగుల దాకా అక్కడ వరసలో నిలబడతారు. పొడవాటి రొట్టెని మధ్యకి చీల్చి, ఉండలు పేర్చి, సాసు పోసి, జున్ను వేసి కాగితంలో చుట్టిస్తారు. కూర్చోవడానికి కుర్చీలు, తెల్లటి బల్లగుడ్డలు ఉండవు. నిలబడి తినాల్సిందే. సాసు మోచేతిదాకా కారకుండా తినగలిగితే వాళ్లు ఆ ఊరివాళ్లయిపోయినట్లే.

అక్కణ్నుంచి కాస్త నడిస్తే ఆర్చర్డ్‌ వీధిలో టెనెమెంట్‌ మ్యూజియం వస్తుంది. వలస కుటుంబాలు తలదాచుకున్న పాత భవనాన్నే మ్యూజియంగా మార్చారు. అందులో 1930ల నాటి ఓ సిసిలీ కుటుంబం ఇంటిని అప్పట్లో ఉన్నట్లే అమర్చారు. ఉండ తిన్న నోటితో ఆ చిన్న వంటగది చూస్తే... ఇంత గదిలో అంత రుచి ఎలా పుట్టిందా అనిపించకమానదు.

పది టేబుళ్ల 'రావు'గారి హోటల్‌

ఇంగ్లిషులో రాస్తే అచ్చం మన 'రావు'గారి పేరే. పలకడం మాత్రం 'రేయోస్‌'! తూర్పు హార్లెమ్‌లో, 114వ వీధి మూలన, 1896లో మొదలైన ఈ చిన్న హోటల్‌ ఉండలు న్యూయార్క్‌ మొత్తానికీ ప్రసిద్ధం. చిక్కల్లా ఒక్కటే. లోపలికి వెళ్లడం దాదాపు అసాధ్యం. ఉన్నవే పది టేబుళ్లు. 1977లో న్యూయార్క్‌ టైమ్స్‌ విమర్శకురాలు మిమీ షెరటన్‌ ఈ హోటల్‌కి మూడు నక్షత్రాలు ఇచ్చారు. ఆ దెబ్బతో జనం విరగబడ్డారు. పాత వాడుకదారులకి చోటు లేకుండా పోతుందని యజమానులు ఓ ఏర్పాటు చేశారు. ఫలానా వారం ఫలానా టేబుల్‌ ఫలానా వాళ్లదే అని రాసిచ్చేశారు. ఆ హక్కు ఉన్నవాళ్లు పిలిస్తేనే మిగతావాళ్లకి ప్రవేశం. ఎవరు ఫోన్‌ చేసినా లేదు లేదు అనేవారు కాబట్టి యజమాని ఫ్రాంక్‌ పెల్లెగ్రీనోకి 'ఫ్రాంకీ నో' అన్న పేరు స్థిరపడింది. 'గుడ్‌ఫెల్లాస్‌' సినిమాలోనూ 'ద సొప్రానోస్‌' టీవీ సీరియల్లోనూ నటించిన ఆయన 2017లో కన్నుమూశారు.

ఆయన బయటపెట్టిన ఉండల పద్ధతిలో విశేషం నీళ్లు. దాదాపు కిలో మాంసానికి రెండు కప్పుల రొట్టెపొడి, రెండు కప్పుల గోరువెచ్చని నీళ్లు! ఇంత జారుగా ఉంటే ఉండ నిలుస్తుందా అనిపిస్తుంది. నిలుస్తుంది. వేగాక దూదిలా ఉంటుంది. ఈ హోటల్‌ సాసుని 1992 నుంచి సీసాల్లో అమ్ముతున్నారు. ఆ సీసాల సంస్థని క్యాంప్‌బెల్‌ కంపెనీ 270 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు 2023లో ప్రకటించి, 2024లో సొంతం చేసుకుంది. పేదింటి పొయ్యిమీద ఉడికిన సాసు అక్కడిదాకా వెళ్లింది. అయినా ఆ పది టేబుళ్లు మాత్రం పదకొండు కాలేదు.

మెనూ లేని భోజనం

లిటిల్‌ ఇటలీలో కనపడని సంసారపక్షం ఇటలీ బ్రాంక్స్‌లోని ఆర్థర్‌ అవెన్యూలో కనిపిస్తుంది. 1940లో అప్పటి మేయర్‌ ఫియొరెల్లో లా గార్డియా - ఆయనా ఇటలీ సంతతివారే - రోడ్డుమీద తోపుడుబళ్ల వాళ్లందరికీ నీడ కల్పిస్తూ కట్టించిన మార్కెట్‌ ఇప్పటికీ నడుస్తోంది. చుట్టూ 1918 నాటి మడోనియా బేకరీ, 1935 నుంచి చేత్తో రావియోలీ చేసి అమ్ముతున్న బోర్గాటీ దుకాణం, పైకప్పు కనపడకుండా ఎండు సాసేజీలు వేలాడదీసిన కలాబ్రియా మాంసం కొట్టు... ఒక్కో దుకాణం ఒక్కో మ్యూజియం. న్యూజెర్సీ వెళ్లిపోయిన కుటుంబాలు పండగ సరకుల కోసం ఇప్పటికీ ఇక్కడికే వస్తాయి.

ఈ వీధిలో డొమినిక్స్‌ది వేరే పద్ధతి. పొడవాటి బల్లలు, ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి భోజనం. మెనూ కార్డు ఉండదు. ఆరోజు ఏమున్నాయో వడ్డించే మనిషి నోటితో చెబుతాడు. మన మెస్సులో 'ఇవాళ కూరేంటి' అని అడిగినట్లే! 1919 నాటి మారియోస్‌ కూడా ఈ వీధిలోనే ఉంది. పిల్లలతో వచ్చినవాళ్లు దగ్గర్లోనే ఉన్న బ్రాంక్స్‌ జూ చూసుకుని భోజనానికి ఇటు రావచ్చు.

రేవు కూలీల రుచులు

బ్రూక్లిన్‌ది మరో కథ. విలియమ్స్‌బర్గ్‌లో 1900లో ప్రారంభమైన బమోంటీస్‌లో కోటూ బో టై కట్టుకున్న పెద్దవయసు వాళ్లు వడ్డిస్తారు. చుట్టుపక్కల పేటంతా కుర్రకారు కాఫీ షాపులతో మారిపోయినా, ఈ తలుపు తీస్తే మాత్రం గడియారం యాభై అరవై ఏళ్లు వెనక్కి తిరుగుతుంది. జులైలో వెళ్తే ఇంకో వేడుకా చూడొచ్చు. నేపుల్స్‌ దగ్గరి నోలా పట్టణం నుంచి వచ్చినవాళ్లు 1903లో ఇక్కడ మొదలుపెట్టిన ఉత్సవంలో, వాద్యబృందంతో సహా ఆరేడంతస్తుల ఎత్తున్న గోపురాన్ని వందమందికి పైగా మగవాళ్లు భుజాలమీద మోస్తారు.

రెడ్‌హుక్‌ రేవులో డెఫోంటేస్‌ 1922లో ఓడ కూలీల కోసం వెలిసింది. ఒక్క శాండ్‌విచ్‌ తింటే సాయంత్రందాకా మూటలు మోసే బలం ఉండాలి కదా! ఆ లెక్కన చేసినవే అక్కడి భారీ శాండ్‌విచ్‌లు. ఇప్పటికీ సైజు తగ్గలేదు. ఒకటి తీసుకుని ఇద్దరు పంచుకోవడం ఉత్తమం.

దానికి దగ్గర్లోని క్యారల్‌ గార్డెన్స్‌ కూడా ఒకప్పుడు రేవు కూలీల పేటే. 2004లో ఫ్రాంక్‌ అనే పేరున్న ఇద్దరు మిత్రులు అక్కడ 'ఫ్రాంకీస్‌ 457' తెరిచారు. వీళ్ల ఉండల్లో కిస్‌మిస్‌, చిల్గోజా గింజలు తగులుతాయి. ఇదేదో కొత్త ఫ్యాషన్‌ కాదు, సిసిలీ పద్ధతి. ఒకప్పుడు ఆ దీవిని ఏలిన అరబ్బుల వంటింటి వాసన అందులో ఉందంటారు. మాంసంలో ఎండుద్రాక్ష, గింజలు దాచే అలవాటు పర్షియా నుంచి మనదాకా వచ్చిన కోఫ్తాల్లోనూ ఉంది. హైదరాబాద్‌ నుంచి వెళ్లినవాళ్లకి ఆ ఉండ చుట్టరికం గలదానిలా అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇంత తిరిగే తీరిక లేనివాళ్లకి టైమ్స్‌ స్క్వేర్‌ పక్కనే కార్మైన్స్‌ ఉంది. ఒక్క పళ్లెం తెప్పిస్తే ముగ్గురు నలుగురికి సరిపోతుంది. 2010లో లోయర్‌ ఈస్ట్‌ సైడ్‌లో ఇద్దరు యువకులు ఉండల కోసమే ప్రత్యేకంగా 'ద మీట్‌బాల్‌ షాప్‌' పెడితే గంటలకొద్దీ బారులు తీరారు. కోడిమాంసం ఉండలు, శాకాహార ఉండలు కూడా పెట్టి, ఏ ఉండకి ఏ సాసు కావాలో ఎంచుకోమన్నారు. తర్వాత ఎన్నో శాఖలు తెరిచారు, వాటిలో కొన్ని మూతపడ్డాయి. వందేళ్లు నిలవడం ఎంత కష్టమో ఆ ఊళ్లో హోటల్‌ నడిపేవాళ్లని అడగాలి.

అమ్మమ్మలు కావలెను!

ఈ ప్రయాణంలో చివరి మజిలీ నీళ్లమీదుగా. మ్యాన్‌హటన్‌ దక్షిణపు కొస నుంచి స్టాటెన్‌ ఐలండ్‌కి ఫెర్రీ ఉచితం. పాతిక నిమిషాల దారిలో స్వేచ్ఛా ప్రతిమ పక్కనుంచే వెళ్తుంది. శతాబ్దం కిందట ఇటలీ ఓడలు వచ్చింది కూడా ఆ నీళ్లలోనే. దిగి కాస్త నడిస్తే 'ఎనొటెకా మరియా'.

2007లో దీన్ని తెరిచిన జో స్కరవెల్లా వంటవాడు కాదు. న్యూయార్క్‌ రవాణా సంస్థలో ఉద్యోగం చేసిన మనిషి. అమ్మమ్మ, అమ్మ, సోదరి దూరమయ్యాక ఇంట్లో ఆదివారం వంట ఆగిపోయింది. ఆ లోటు తీరక హోటల్‌ పెట్టాడు. తల్లి మరియా పేరే దానికి పెట్టుకున్నాడు. వంటవాళ్ల కోసం పేరున్న వంటల స్కూళ్లకి వెళ్లలేదు. తమ ప్రాంతపు వంటలు చేయగలిగే గృహిణులు కావాలంటూ ఇటాలియన్‌ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. అంతే... సిసిలీ నుంచి వచ్చినావిడ ఒకరోజు, నేపుల్స్‌ ఆవిడ మరో రోజు. కొలతలు లేవు, గరిటె జాడింపే కొలత. తర్వాత్తర్వాత గ్రీస్‌, జపాన్‌ సహా ఎన్నో దేశాల పెద్దావిడలు ఆ వంటింట్లోకి వచ్చారు. ఆ కథనే 2025లో 'నొన్నాస్‌' పేరుతో నెట్‌ఫ్లిక్స్‌ సినిమాగా తీశారు. 'నొన్నా' అంటే ఇటాలియన్‌లో అమ్మమ్మ, నానమ్మ... ఎవరైనా.

వెళ్లిన రోజు అక్కడ మాంసపు ఉండలే దొరుకుతాయన్న హామీ లేదు. ఆ రోజు ఏ అమ్మమ్మ వంతయితే ఆవిడకి వచ్చిందే వంట. కానీ న్యూయార్క్‌లో మిగతా చోట్లన్నీ తిరిగొచ్చిన వాళ్లకి ఒక సంగతి ఇక్కడే తడుతుంది. సీసాలోకి సాసు ఎక్కుతుంది, పుస్తకంలోకి కొలతలు ఎక్కుతాయి. తడిరొట్టెని ఎంత పిండాలో, ఉండని ఎంత వదులుగా చుట్టాలో మాత్రం పక్కన నిలబడి చూసినవాళ్లకే అబ్బుతుంది. పేట ఖాళీ అయినా రుచి నిలిచిందంటే, ఏ ఇంట్లోనో ఓ మనవరాలు అలా నిలబడి చూసిందనే లెక్క.

నది అవతల జెర్సీసిటీలో, ఎడిసన్‌లో ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు ఎన్నో. వేసవికి వెళ్లే అమ్మలు సూట్‌కేసుల్లో గోంగూర పచ్చడి, కారప్పొడి సర్దుకునే వెళ్తారు. ఈసారి వెళ్లినప్పుడు ఓ ఆదివారం మనవల్ని తీసుకుని ఫెర్రీ ఎక్కితే బాగుంటుంది. ఆ తర్వాతి ఆదివారం... వాళ్లని పక్కన నిలబెట్టుకుని గోంగూర మాంసం వండితే మరీ బాగుంటుంది!